ఎర్రదాని అసలు పేరు

మా గదిలో ఏ స్ఫటికాన్నీ దాని లోపలి కట్టడం తేలేదాకా అసలు పేరు పెట్టి పిలవం. పసిబిడ్డ అసలు పేరు దాచి ముద్దుపేరుతో పిలుచుకునే దేశం మాది. పేరు తెలిస్తే దయ్యాలు ఎత్తుకుపోతాయని మా ముత్తవ్వల భయం. ఆ భయం పిల్లల విషయంలో ఎప్పుడో పోయింది కానీ మా ప్రయోగశాలలో మాత్రం స్ఫటికాలకు అంటుకుంది. నీలంది, కుంటిది, ముసలమ్మ, చింతపిక్క... ఇలా ఏవో పేర్లు పెట్టుకుంటాం. చదువుకున్నవాళ్ళకు ఇదేం చాదస్తమని వెక్కిరించేవాళ్ళు ఒకసారి వచ్చి చూడాలి. వారాల తరబడి కంటికి రెప్పలా పెంచిన స్ఫటికం ఒక్క గాలి తగిలి కళ్ళముందే పిండైపోతే, అప్పుడు మాట్లాడాలి.

పూనా పెంచినదాన్ని 'ఎర్రది' అనేవాళ్ళం. పూనా అంటే ఊరి పేరనుకునేరు. మా చియాంగ్ మై వైపు వరిచేలలో తిరిగే చిన్న ఎండ్రకాయను పూనా అంటారు. పుట్టగానే ఈ పిల్ల నర్సు వేలు పట్టుకుని ఒక పట్టాన వదల్లేదట, వాళ్ళమ్మ అక్కడికక్కడే ఆ పేరు ఖాయం చేసేసింది. పకావది అన్న అసలు పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా వినపడదు.

ఎండ్రకాయ పేరున్న పిల్ల కీలేట్ల మీద పరిశోధనకు దిగిందని విన్నప్పుడు అందరం పడీపడీ నవ్వాం. కీలేట్ అంటేనే ఎండ్రకాయ పట్టు. ఒక లోహాన్ని మరో పదార్థం రెండు పక్కలా కరిచి పట్టుకుని వదలకుండా ఉండటం. పూనా పట్టుకోదలచుకున్న లోహం ఇనుము. దానికి కారణం ఉంది. పూనాకు పుట్టుకతో తలసీమియా. ఒంట్లో తయారైన రక్తం తయారైనట్టే విరిగిపోతుంది. మూడేసి వారాలకు ఎవరిదో రక్తం ఎక్కించుకుంటే తప్ప నిలబడలేదు. ఆ రక్తంతో వచ్చిన ఇనుము బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. దాన్ని పట్టి బయటికి లాగే మాత్రలు ఉన్నాయి కానీ అవి పూనాకు పడలేదు, కీళ్ళు పట్టేశాయి.

పూనా చేరిన కొత్తలో మా పెద్దాయన అజాన్ థావిన్ అడిగారు. అజాన్ అంటే గురువుగారు. నేను ఎక్స్-రే యంత్రం చూసుకునే తిమ్‌ని, అప్పుడు పక్కనే ఉన్నాను.

"ఎందుకమ్మా ఇంత కష్టమైన పని? రాగి తీసుకో, చక్కగా స్ఫటికాలిస్తుంది."

"రాగి అయితే కొనుక్కోవాలండీ. ఇనుమంటే నా ఒంట్లోనే బోలెడుంది."

నవ్వాలో వద్దో తెలియక ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను మాత్రం నవ్వేశాను. ఆ రోజు నుంచి నేను దాని తిమ్ అక్కనయ్యాను.

ఇనుముకు చుట్టూ ఆరు చోట్ల పట్టు దొరుకుతుంది. ఆరూ మూసేస్తే బుద్ధిగా పడి ఉంటుంది. రెండు తెరిచి ఉన్నా చాలు, ఒంట్లో దొరికినదాన్నల్లా కాల్చుకుంటూ పోతుంది. పూనా అల్లిన పదార్థానికి మూడు చేతులు, చేతికి రెండేసి వేళ్ళు. మూడు రెళ్ళు ఆరు. కాగితం మీద లెక్క సరిపోయింది. ఇనుముతో కలిపితే ద్రాక్షసారా రంగు పొడి వచ్చింది. ఆ పొడిని వేడిచేస్తే బరువు తగ్గింది. అంటే అందులో నీళ్ళున్నాయి. ఎక్కడున్నాయి? అదొక్కటే ప్రశ్న.

నీళ్ళు పట్టుకు బయట, సందుల్లో దూరి ఉంటే ఏ గొడవా లేదు. ఇనుమును నేరుగా అంటుకుని ఉంటే మాత్రం ఏదో ఒక చెయ్యి జారిందన్నమాట, ఆ మందు మందు కాదన్నమాట. పేరులో కూడా ఆ తేడా దాగదు. బయటి నీళ్ళు పేరు చివర హైడ్రేట్ అని తోకలా వస్తాయి. లోపలి నీళ్ళు ఇనుముకు ముందే ఆక్వా అని దర్జాగా కూర్చుంటాయి. ఆక్వానా, హైడ్రేటా? పూనా ప్రాణమంతా ఆ రెండు మాటల మధ్య వేలాడింది. పదార్థం మందుగా మారాలంటే ఏళ్ళు పడుతుందని దానికీ తెలుసు. అయినా ఆశ పడింది. ఎవరు పడరు?

ఎర్రది మంచి వానల్లో పుట్టింది. పొడి గాలి తగిలితే నీళ్ళు వదిలేసి పగుళ్ళిస్తుందని గదిలో ఏసీ ఆపేసి కిటికీలు బార్లా తెరిచాం. దోయి సుతేప్ కొండ మీద మబ్బు దిగి దిగి మా బల్లల దాకా వచ్చినట్టుంది. కిటికీ బయట నిద్రగన్నేరు ఆకులు ముడుచుకుని మధ్యాహ్నమే పడుకుంది. సూక్ష్మదర్శినిలోకి వంగి చూశాను. నూనెచుక్కలో ఎర్రది మెల్లగా తిరుగుతోంది. చూసేకొద్దీ ఎర్రటి ఇంట్లోకి అడుగుపెట్టినట్టనిపించింది. గోడలు ఎరుపు, నేల ఎరుపు, ఎక్కడి నుంచో వెలుగు వస్తోంది కానీ దీపం కనపడదు. ఆ ఇంట్లో నీళ్ళ చప్పుడు కూడా వినపడింది. తల ఎత్తితే బయటి వాన.

"నిద్రపోయావా అక్కా?" పూనా నా భుజం మీద గడ్డం ఆనించి అడిగింది.

"నిద్రా నా బొందా. ఊపిరి గట్టిగా వదలకు, ఎగిరిపోతుంది."

సన్నటి దారపు ఉచ్చుతో ఎర్రదాన్ని ఎత్తి యంత్రంలో చల్లటి నైట్రోజన్ గాలి కింద నిలబెట్టాను.

"దానికి చలేస్తుందేమో అక్కా."

"సున్నాకి కింద నూట డెబ్భై డిగ్రీలే తల్లీ. చలెయ్యక ఉక్కపోస్తుందా?"

తెర మీద మొదటి చుక్కలు పడ్డాయి. గుండ్రంగా, పదునుగా, ఒకదానికొకటి లెక్కగా. మంచి స్ఫటికమని చెప్పడానికి అంతకంటే అక్కర్లేదు. పూనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మర్నాడు రక్తం ఎక్కించుకునే రోజు కాబట్టి వెళ్ళక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి యంత్రానికి దణ్ణం పెట్టింది. నేను వెక్కిరించలేదు. దాని వెనకే నేనూ పెట్టాను.

మర్నాడు యంత్రం కొలతలు పూర్తిచేసింది. కూర్చుని లెక్క కట్టించాను. ఇది ఎన్నిసార్లు చేసినా నాకు కల కంటున్నట్టే ఉంటుంది. ఏమీ లేని తెర మీద ముందు ఒక్క పెద్ద మచ్చ వస్తుంది, అదే ఇనుము. బరువైనది ఎప్పుడూ ముందొస్తుంది. దాని చుట్టూ పొగమంచులోంచి ఊరు తేలినట్టు మిగతావి ఒక్కొక్కటే తేలతాయి. ఒక చెయ్యి వచ్చింది. ఇనుమును చక్కగా పట్టుకుంది. రెండో చెయ్యి వచ్చింది. అదీ పట్టుకుంది. మూడో చెయ్యి కోసం చూశాను. వచ్చింది కానీ పెడమొహం పెట్టి ఎటో తిరిగిపోయింది. దాని చోటులో పేరు లేని రెండు గుబ్బలు మిగిలాయి.

కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. లెక్క చెరిపి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ గుబ్బలకు వేరే పేర్లు పెట్టి చూశాను, ఏదీ నప్పలేదు. చివరికి ఒక్కో గుబ్బ పక్కన రెండేసి బుల్లి హైడ్రోజన్ చుక్కలు తేలాయి. నీళ్ళే. అనుమానం లేదు, ఇనుమును అంటుకుని కూర్చున్న నీళ్ళే. యంత్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

తిట్టాక కూడా తెర ముందు నుంచి లేవలేకపోయాను. అబద్ధమెందుకు, అది ఎంత అందంగా ఉందో. ఇనుము పక్క నీళ్ళు, నీళ్ళకు చేయందిస్తూ ఇనుము ఉప్పుతో వెంట వచ్చిన క్లోరైడ్, మళ్ళీ ఇనుము, మళ్ళీ నీళ్ళు, ఇటూ అటూ పైనా కిందా అంతులేకుండా. తిప్పుతూ తిప్పుతూ ఆ వరుసల్లో నడిచాను. ఈ అందం చూసి సంతోషపడుతున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. పూనా బతుకు కదా ఇది, బొమ్మ కాదు కదా.

అజాన్ థావిన్ గొడుగు దులుపుకుంటూ వచ్చారు.

"ఎలా ఉంది తిమ్?"

"చూడండి."

చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. "ఆ రెండూ క్లోరైడ్ కాదుగా?"

"క్లోరైడ్ అదిగో, పక్కనే ఉందిగా."

"ఆఁ. ఉంది, ఉంది." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇవాళ రక్తం ఎక్కించే రోజు. ఇవాళెందుకులే చెప్పడం."

"రేపు చెబుదామా?"

"రేపు నీరసంగా ఉంటుంది పాపం."

"ఎల్లుండి?"

"ఎల్లుండి శుక్రవారం. రెండు రోజుల సెలవు పాడు చెయ్యడం దేనికి?"

"పోనీ వచ్చే జన్మలో చెబుదామా?"

"నువ్వు చెబుతావా అయితే?" అన్నారాయన మెల్లగా. నేను తెర ఆపేశాను.

మా వాళ్ళకున్న జబ్బు ఇదే. మాకు కోపం తక్కువ, మొహమాటం ఎక్కువ. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతుందంటే చాలు, ఇల్లు కాలుతున్నా 'కాస్త వెచ్చగా ఉందండీ' అంటాం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మీ సామెత మీకు తెలుసు. నేను నోటి దురుసు మనిషినని ఊరంతా అంటారు. యంత్రాల మీద, విద్యార్థుల మీద, ఏసీ మరమ్మతు వాడి మీద ఎంతైనా అరుస్తాను. పూనాతో 'నీ మూడో చెయ్యి జారిందే' అని మాత్రం అనలేకపోయాను.

పూనా వచ్చి "ఎర్రది ఎలా ఉందక్కా?" అంటే "నైట్రోజన్ అయిపోయిందే, బండి రావాలి" అన్నాను. సీసా నిండుగా ఉంది. నా వీపు దానికి అడ్డం.

"అయ్యో, పాపం. ఏం చేస్తావులే," అని నా చెయ్యి నిమిరి వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి సంగతి గదిలో అందరికీ పాకిపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. నోటితో చెప్పలేనిది తిండితో చెప్పడం మొదలుపెట్టారు. పూనా బల్ల మీద లమ్యై పళ్ళ గుత్తులు, వేడివేడి కొబ్బరి గుంటపొంగడాలు, అరిటాకులో కాల్చిన బంకన్నం. బలిచ్చే కోడికి కూడా ఇంత మేత వేస్తే అనుమానం వస్తుంది. ఇదేమో అందరికీ నవ్వుతూ దణ్ణం పెట్టి అన్నీ తినేది. నేను దాని ఓపిక చూసి, పాపం అమాయకురాలు అనుకుని లోలోపల ఇంకా కుమిలిపోయేదాన్ని.

వింత ఏమిటంటే, అది కూడా నన్ను సముదాయిస్తున్నట్టే ఉండేది. ఒక మధ్యాహ్నం నాకోసం వేడి ఖావ్ సోయి గిన్నె మోసుకొచ్చింది. నేను నూడిల్స్ తింటుంటే వెనక నిలబడి మెడ పిసికింది.

"తొందరేం లేదక్కా. యంత్రం కూడా ముసలిదైపోయింది కదా."

"యంత్రానికేం, గుండ్రాయిలా ఉంది. ముసలిదాన్ని నేను."

"నువ్వు కూడా గుండ్రాయివే. కొంచెం మెడ దగ్గర అరిగావు."

బయట వాన ఆగీ ఆగీ కురుస్తోంది. గదిలో యంత్రం సన్నగా మూలుగుతోంది. పూనా వేళ్ళు చల్లగా ఉన్నాయి. అప్పుడు చెప్పేయాలనిపించింది. నోట్లో నూడిల్స్ ఉన్నాయని వంక పెట్టుకుని ఊరకుండిపోయాను.

బుధవారం అందరం కూర్చుని ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే రోజు. పూనా వంతు వచ్చేసరికి అజాన్ గారే అందుకున్నారు.

"ఎర్రది... అంటే... డేటా ఉంది కానీ... ఇంకా కొంచెం... వానాకాలం కదా..."

వానాకాలానికీ దానికీ ఏమిటి సంబంధమో ఆయనకే తెలియాలి. అందరం బల్లవైపు చూస్తూ కూర్చున్నాం. పూనా లేచింది. బోర్డు మీద పాత రాతలు తుడిచి ఎర్రదాని అసలు పేరు రాయడం మొదలుపెట్టింది. అది చాలా పొడవైన పేరు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ రాసింది. ఇనుముకు ముందు, ఉండాల్సిన చోటులో, 'డైఆక్వా' అని, అంటే లోపలి నీళ్ళు రెండని, రాసింది.  రాసి పక్కకు జరిగి, బడిపిల్లలా గొంతెత్తి పేరంతా చదివింది.



"ఎప్పుడు తెలిసిందమ్మా?" అన్నారు అజాన్.

"రక్తం ఎక్కుతున్నప్పుడేనండీ. ఎడం చేతికి సూది, కుడి చేత్తో ల్యాప్‌టాప్. యంత్రం కొలతలన్నీ మన అందరి ఫోల్డర్‌లోకే వస్తాయి కదా. అన్నం బండి రాకముందు ఇనుము కనపడింది. బండి వెళ్ళేసరికి నీళ్ళు కనపడ్డాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి చెప్పవేమే దొంగా? నేనిక్కడ నిద్రాహారాలు మాని..."

"నైట్రోజన్ అయిపోయిందని చెప్పావుగా అక్కా. నీ వీపు పక్క నుంచి చూస్తే సీసా మీద ముల్లు నిండుగా చూపిస్తోంది. అంటే నువ్వూ చూసేశావని తెలిసింది. నాకు తెలుసంటే నువ్వు సిగ్గుపడతావు. అజాన్ గారేమో నేను ఎదురైతే చాలు, గొడుగు మర్చిపోయానంటూ వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు. గొడుగు చేతిలోనే ఉంటుంది. ఆయనకెలా చెప్పను?"

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అందరం నవ్వేశాం. అజాన్ గారు కూడా గొడుగువైపు చూసుకుని నవ్వారు. పూనా కూడా నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే విరిగిపోయింది.

"నవ్వకండి," అంది. "ఆ రోజు బండి వెళ్ళాక నాకు ఏడవాలనిపించింది. నర్సులు చూస్తారని ఏడవలేదు. ఇంటికెళితే అమ్మ బెంగపెట్టుకుంటుంది. ఇక్కడికొస్తే మీరు బాధపడతారు. నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుడుతున్నాయి నాకు. మరి నేనెక్కడ ఏడవాలి? చెప్పండి. ఎక్కడ ఏడవాలి?"

 నేను లేచి వెళ్ళి దాన్ని పట్టుకోబోయాను. అది నా చెయ్యి విదిలించి బయటికి వెళ్ళిపోయింది. పరిగెత్తలేదు, నడిచే వెళ్ళింది. నిద్రగన్నేరు కింద తడుస్తూ నిలబడటం కిటికీలోంచి కనిపించింది. నాకు సిగ్గేసింది. దాని దుఃఖాన్ని కూడా మేమే పంచుకు తినేశాం, దానికి మిగల్చకుండా. ఇదా మంచితనం?

తర్వాత వ్యాసం రాశాం. ఉన్నది ఉన్నట్టు రాశాం. మూడో చెయ్యి ఎందుకు అందలేదో, అది ఎంత పొట్టిదైపోయిందో పూనాయే లెక్క తేల్చింది. నాతో మామూలుగా మాట్లాడటానికి దానికి కొంత కాలం పట్టింది. నేను తొందరపెట్టలేదు. ఒకరోజు తనంతట తానే వచ్చి, "ఈసారి ఆసుపత్రికి నాతో వస్తావా అక్కా?" అంది.

వెళ్ళాను. మంచాల వరుస, కిటికీ తెర, ఒక్కొక్క బొట్టుగా దిగుతున్న ఎవరిదో రక్తం. మందు మత్తుకు పూనా కళ్ళు మూతపడుతున్నాయి. నాకూ కళ్ళు బరువెక్కాయి. ఆ ఎరుపులోకి చూస్తూ ఎక్కడున్నానో మర్చిపోయాను. డాక్టరు వచ్చి నా భుజం తట్టాడు. కుర్రవాడు, మెత్తటి మాట.

"అక్కగారా మీరు? ఒక్కసారి ఇలా బయటికొస్తారా?"

వరండాలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "స్కాన్ వచ్చిందండీ. గుండెలో ఇనుము కనిపిస్తోంది. ఇప్పుడే తనతో అనకండి. రక్తం ఎక్కుతోంది కదా, ఇవాళెందుకు. మెల్లగా, మీరే వీలు చూసుకుని..."

అతని మొహం చూశాను. మంచివాడు. ఎంత మంచివాడంటే, నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టనిపించింది.  నాకే భయమేసింది. ఆ మాట లోపలికి వెళ్ళకుండా వరండాలోనే ఉండిపోతే బాగుండుననిపించింది.

"డాక్టరు గారూ," అన్నాను. "దానికే చెప్పండి."

"బాధపడుతుందండీ."

"పడుతుంది. పదండి."

అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. పూనా కళ్ళు తెరిచి మా ఇద్దరి మొహాలూ చూసింది. అతను ముందు నావైపు చూశాడు. నేను కిటికీవైపు తిరిగాను. అప్పుడిక వేరే దారి లేక దానివైపే చూసి చెప్పాడు.

"గుండెలోకా?" అంది పూనా.

"అవునమ్మా. ఇప్పుడే మొదలైంది. ఇనుమును బయటికి లాగే మందు పంపు మళ్ళీ పెట్టాలి. రోజూ, నిద్రపోయేటప్పుడు, పొట్టకి సూదితో. చిన్నప్పుడు పెట్టుకున్నావే, అదే."

పూనా సరేనని తల ఊపింది. అతను నిలబడి, ఏమైనా అడుగుతుందేమోనని చూసి, తెర మెల్లగా లాగి వెళ్ళిపోయాడు. అతని అడుగుల చప్పుడు పోయాక పూనా సూది లేని చేత్తో నా చెయ్యి అందుకుంది. ఏడవడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా, తర్వాత పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. దాని గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. నేను ఊరుకో అనలేదు.